రెండు రూపాయల పాటల పుస్తకాన్ని ఏ బీరువాలో పెడదాం?

దళితుల చరిత్రకు రాతపూర్వక ఆధారాలు లేవనే మాట యూనివర్సిటీల్లో తరచుగా వినబడుతుంది. శాసనం లేదు, కైఫీయతు లేదు, స్వీయచరిత్ర లేదు, ఉన్నదంతా నోటిమాట, నోటిమాటను నమ్మి చరిత్ర ఎట్లా రాస్తామంటారు. ఇందులో సగం నిజం. మిగతా సగం వెతకకపోవడం వల్ల పుట్టింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మాదిగవాడకో మాలవాడకో పోయి ఇనుప పెట్టె తెరిపిస్తే రేషన్ కార్డు, పట్టా కాగితం, కుల సర్టిఫికెట్ల మధ్య ఒక సన్నటి పుస్తకం దొరుకుతది. పదహారు పేజీలు, మహా అయితే ముప్పై రెండు. మధ్యలో రెండు పిన్నులు. రంగు కాగితం అట్ట. అట్ట మీద అంబేద్కర్ బొమ్మో, సిలువో, డప్పో, బిగించిన పిడికిలో. వెల రెండు రూపాయలు. లోపల పాటలు.

ఈ పుస్తకాలను ఎట్లా పోగుచేయాలి, పోగుచేసినదానికి జాబితా ఎట్లా రాయాలి అన్నదే ఈ వ్యాసం విషయం. జాబితా రాయడం గుమాస్తా పని అనుకునేవాళ్ళున్నారు. కానీ ఏ పాట ఎవరి పేరు కింద ఉండాలి, ఏ కులం పేరును ఏ మాటతో పిలవాలి, ఏది పుస్తకం ఏది చిత్తుకాగితం అని తేల్చేది ఆ పనే. ఇంతకాలం ఆ తేల్చే పని మన చేతుల్లో లేదు. మాలో చాలామంది ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినోళ్ళమే. మా ఇండ్లల్లో పుస్తకాల బీరువా లేదు, ఆ ఇనుప పెట్టే ఉంది. అందుకని ఈ పని మాకు పరాయిగా అనిపించలేదు.

గ్రంథాలయ శాస్త్రంలో ఇట్లాంటి అచ్చులకు 'ఎఫిమెరా' అని పేరు. ఒక్కరోజు బతికేది అని ఆ గ్రీకు మాటకు అర్థం. ఒక పూట పని కోసం అచ్చయి, ఆ పూట గడిచాక పారేసే కాగితం అన్నమాట. సభ కరపత్రం, పెండ్లి శుభలేఖ, సినిమా పాటల పుస్తకం, ఉజ్జీవ కూటాల పాటల కాగితం అన్నీ ఈ కిందికే వస్తాయి. తెలుగులో 'చిల్లర అచ్చు' అనుకుందాం. చిల్లర అన్నందుకు చులకన కాదు. చిల్లర లేకపోతే అంగడి నడవది.

అయితే ప్రభుత్వ లెక్కల్లో దీనికి చులకనే ఉంది. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రకాశకులు కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరా వంటి మరి మూడు గ్రంథాలయాలకూ పంపాలి. ఆ చట్టంలో పుస్తకమంటే కరపత్ర గ్రంథం కూడా, విడిగా అచ్చయిన సంగీతం కాగితం కూడా. చట్టం మాట బాగానే ఉంది. ఊళ్ళో చందాలేసుకొని పాటల పుస్తకం వేసినోళ్ళకు ఈ చట్టం ఒకటి ఉన్నట్టే తెలవదు, తెలిసినా పోస్టు ఖర్చు ఎవరు పెట్టుకుంటరు? ఒకవేళ చేరినా, అక్కడికి వచ్చిన పుస్తకాల ఆధారంగా తయారయ్యే భారత జాతీయ గ్రంథసూచి తన నియమాల్లోనే సంగీత ప్రతులనూ, ఈ చిల్లర అచ్చులనూ పక్కన పెట్టింది. అంటే ఒక చట్టం రమ్మంటది, ఇంకొక నియమం వాకిట్లోనే నిలబెడతది.

విద్యారంగంలోనూ ఇదే పరిస్థితి. జానపద శాఖ వాళ్ళకు కావలసింది కర్త తెలియని, పాతదైన, నోట నిలిచిన పాట. బిరుదురాజు రామరాజు గారి కాలం నుంచి తెలుగులో ఆ సేకరణ గొప్పగా సాగింది, కాదనం. కానీ సినిమా వరుసలో కట్టి, కవి పేరు వేసి, ట్రెడిల్ మిషను మీద కొట్టిన పాట వాళ్ళ దృష్టిలో చెడిపోయిన పాట. తెలుగు శాఖకు అది సాహిత్యం కాదు. చరిత్ర శాఖకు అది దస్తావేజు కాదు. గ్రంథాలయానికి అది పుస్తకం కాదు. నాలుగు గడపలు తిరిగి అది మళ్ళీ ఇనుప పెట్టెలోకే వచ్చింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ జవాబు ఇప్పటికీ మనకు గర్వమే. కాకపోతే అది పద్యకవుల లెక్క. పాట కట్టినోళ్ళ లెక్క వేరేగా తీయాల్సే ఉంది.

ఒక విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ప్రభుత్వం భయపడ్డ అచ్చు దాచబడుతుంది. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దన్న పాటకు బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని 1922లో జైలుకు పంపింది. ఆ రోజుల్లో నిషేధించిన భారతీయ భాషల కరపత్రాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, వాటికి అచ్చయిన కేటలాగూ ఉంది. అదే కాలంలో రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. తెల్లదొర పోతే సరిపోదు, ఊళ్ళో ఉన్న నల్లదొర సంగతేంటని అడిగాడు. అది దొరల గుమ్మాన్ని తాకిన ప్రశ్నే గానీ దాన్ని పట్టుకొని దాచడానికి ఏ ప్రభుత్వానికీ అవసరం పడలేదు. ధర్మన్నను మళ్ళీ అచ్చులోకి తెచ్చుకున్నది చాలా ఏండ్ల తర్వాత దళిత ఉద్యమమే. నిషేధించిన పాటకు ఫైలుంటది. పట్టించుకోని పాటకు ఫైలు కూడా ఉండదు.

ఇక మన మూడు జిల్లాల సంగతి. 2016 అక్టోబర్ 11 దాకా ఇవి చాలా మేరకు ఒకే వరంగల్ జిల్లా. ఒకే జిల్లా అయినా ఇక్కడి పాటల పుస్తకాలు ఒక్క తీరువి కావు.

జనగామ వైపు నేలంతా సాయుధ పోరాటం నేల. దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. పాలకుర్తి ఐలమ్మది. పక్కనే ఉన్న సుద్దాల హనుమంతుది. ఇక్కడ దొరికే పుస్తకాల్లో సంఘం పాటలు, తర్వాతి కాలపు విప్లవ పాటలు, 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత వచ్చిన దళిత పాటలు, 1994 నుంచి దండోరా పాటలు ఒకదాని మీద ఒకటి పేరుకొని ఉంటాయి. వీటి పక్కనే యక్షగాన పుస్తకాలుంటాయి. చెర్విరాల భాగయ్య యక్షగానాలు అచ్చయి ఊరూరా తిరిగినవి. చిందు మేళాల చేతుల్లో ఆ పుస్తకం ఒక పనిముట్టు, డప్పు లాగా, గజ్జెల లాగా. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కళాకారుడికి గౌరవం వచ్చింది, సంతోషం. మేళం వాడి అరగదీసిన ప్రతి ఎక్కడుందని కూడా అడగాలి. అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న మార్పులు, కొట్టేసిన పద్యాలు, ఎవరు ఏ వేషం కట్టాలో వేసుకున్న గుర్తులు, ఇవన్నీ ఉన్న చిరిగిన ప్రతి కొత్త ప్రతి కన్నా విలువైనది. సేకరించేవాళ్ళు శుభ్రమైన ప్రతి కోసం ఎగబడి ఈ చిరిగినదాన్ని వదిలేయకూడదు.

మహబూబాబాద్ జిల్లాలో ముందుగా చెప్పాల్సింది కీర్తనల గురించి. డోర్నకల్ ఈ జిల్లాలోనే ఉంది. 1912 డిసెంబర్ 29న వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా డోర్నకల్ పీఠానికి అభిషిక్తుడయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఈ అధ్యక్ష మండలంలో సంఘాల్లో చేరినవాళ్ళు ఎక్కువగా మాల మాదిగలే. పాశ్చాత్య ఆరాధన పద్ధతిలోకి దేశీ పాటను, కోలాటాన్ని రానిచ్చిన చోటు ఇది. జనగామ వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. ఈ రెండు మిషన్లూ వచ్చిన పల్లెల్లో మన తాతలు మొదట పట్టుకున్న అచ్చు పుస్తకం పాఠ్యపుస్తకం కాదు, పాటల పుస్తకమే. చదవడం రానివాళ్ళూ పాట నంబరు చెప్పగానే ఆ పేజీ తీసేవాళ్ళు. ఈ సంగతిని అక్షరాస్యత లెక్కలు పట్టుకోలేవు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథం పెద్దది, నిలిచినది. దాంట్లో ప్రతి కీర్తనకూ రాగం, తాళం, రచయిత పేరు ఉంటాయి. 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి కీర్తనలు అందులో ప్రసిద్ధం. అది చిల్లర అచ్చు కాదు, దాన్ని ఎవరో ఒకరు దాస్తారు. మనం పట్టుకోవాల్సింది దాని పక్కన పెరిగిన సన్న పుస్తకాలను. ఉజ్జీవ కూటాలకు, క్రిస్మస్‌కు, సమాధి కార్యక్రమాలకు ఊరి ఉపదేశో పాస్టరో కట్టి అచ్చేయించినవి. వీటిలో రాగం, తాళం ఉండవు. 'ఫలానా పాట వరుస' అని ఉంటుంది. ఆ ఫలానా పాట ఒక్కోసారి సినిమా పాట, ఒక్కోసారి బతుకమ్మ వరుస. ఇంకా విచిత్రం, ఒకే వరుసలో ఒక వాడలో ఏసయ్య పాట, పక్క వాడలో అంబేద్కర్ పాట దొరుకుతాయి. కొన్నిసార్లు కట్టింది కూడా ఒకే మనిషి. మతం పాటలను ఒక బీరువాలో, ఉద్యమం పాటలను ఇంకో బీరువాలో పెడితే ఈ మనిషి రెండు ముక్కలవుతాడు. క్రైస్తవ పాటను దళిత సాహిత్యం లెక్కలోంచి తీసేసే అలవాటు మన వాళ్ళలోనూ ఉంది. ఆ అలవాటు మానుకోవాలని మా అభిప్రాయం.

ఇదే జిల్లాలో తండాలు ఎక్కువ. సేవాలాల్ భజనలు, బంజారా పాటలు తెలుగు లిపిలో అచ్చవుతాయి. భాష గోర్‌బోలీ, లిపి తెలుగు. జాబితాలో భాషకూ లిపికీ వేరువేరు గడులు పెట్టకపోతే ఇవన్నీ 'తెలుగు' కింద పడి మాయమవుతాయి.

భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ఊరు. సమ్మెల పాటలు, యూనియన్ల పాటలు, 1998 నుంచి గుర్తింపు సంఘం ఎన్నికల పాటల కాగితాలు ఇక్కడి సొమ్ము. మహబూబాబాద్ ప్రాంతం నుంచి వచ్చి సింగరేణిలో పనిచేసిన జయరాజుకు 2023లో కాళోజీ పురస్కారం వచ్చింది. అట్లా పేరొచ్చినవాళ్ళు కొందరే. షిఫ్టు దిగి పాట కట్టినోళ్ళు ఇంకెందరో. మేడారం జాతరకు వచ్చే సమ్మక్క సారలమ్మ పాటల పుస్తకాలు ఇంకో రకం. రెండేండ్లకోసారి జాతర, జాతరకో పుస్తకం, జాతర అయిపోయినంక అమ్ముడుపోనివి పొట్లాల కాగితం. జాతర జరిగే నాలుగు రోజుల్లో కొనకపోతే మళ్ళీ దొరకవు.

ఇక అసలు చిక్కు సంవత్సరం. ఈ పుస్తకాల్లో చాలావాటి మీద ప్రచురణ సంవత్సరం ఉండదు. సంవత్సరం లేని కాగితం చరిత్రకారునికి సగమే పనికొస్తుంది. కానీ పుస్తకాన్ని కాస్త తిరగేసి మరగేసి చూస్తే అదే చెబుతుంది.

మొదట వెల చూడాలి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందటిదని అనుకోవచ్చు, ఆ రోజు నుంచే దశాంశ నాణేలు వచ్చాయి. 'న.పై.' అని ఉంటే నయాపైసలు, అంటే 1957కూ 1964కూ నడుమది. 'హాలీ' అని ఉంటే అది నిజాం సిక్కా, 'కల్దారు' అని ఉంటే ఇంగ్లీషు రూపాయి. రెండు వెలలూ పక్కపక్కన ఉంటే ఆ పుస్తకం సరిహద్దు దాటి తిరిగిందని అర్థం, బెజవాడలోనో మద్రాసులోనో అచ్చయి ఇటు వచ్చి ఉండవచ్చు. బ్రిటిష్ ఇండియాలో 1867 చట్టం కింద అచ్చయిన పుస్తకాలకు మూణ్నెల్లకోసారి జాబితాలు వేసేవారు. నిజాం రాజ్యంలో అచ్చయినవి మద్రాసు జాబితాలో దొరకవు గానీ బెజవాడ అచ్చులకు అవి వెతకదగ్గ చోటు.

తర్వాత చిరునామా. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. 'తాలూకా' అని ఉంటే దాదాపుగా 1985కు ముందటిది, 'మండలం' అని ఉంటే ఆ తర్వాతిది. దాదాపుగా అని ఎందుకంటున్నామంటే, మండలాలు వచ్చి ఏండ్లు గడిచినా అలవాటు కొద్దీ తాలూకా అనే రాసుకున్నవాళ్ళుంటారు. 'ఆం.ప్ర.' అని ఉంటే 1956 నవంబర్ 1కీ 2014 జూన్ 2కీ మధ్య. 'జనగామ జిల్లా' అని ఉంటే 2016 అక్టోబర్ తర్వాత. మేడారం పుస్తకం మీద 'భూపాలపల్లి జిల్లా' అని ఉంటే మరీ తేలిక, 2019 ఫిబ్రవరిలో ములుగు వేరు జిల్లా అయింది గనుక ఆ నడుమ రెండు మూడేండ్లలోదే. గార్ల, బయ్యారం పుస్తకాల మీద ఖమ్మం జిల్లా అనీ, మహాదేవపూర్, కాటారం వాటి మీద కరీంనగర్ జిల్లా అనీ ఉంటే తప్పు కాదు, అవి అప్పుడు అక్కడివే. 'మానుకోట' అన్నా 'మహబూబాబాద్' అన్నా ఒకే ఊరు. జాబితాలో పుస్తకం మీద ఉన్న పేరు ఉన్నట్టుగా రాసి, ఇప్పటి జిల్లా పేరు పక్క గడిలో రాయాలి. పాత పేరును కొత్తదానితో దిద్దితే ఆధారం పోయినట్టే.

డోర్నకల్ వైపు పుస్తకాలకు ఇంకో గుర్తుంది. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. ఆ సంఘం పేరుతో ఉంటే ఆ తర్వాతిది.

వరుస చూడటం అన్నిటికన్నా సరదా అయిన పని. 'ఒసేయ్ రాములమ్మ' పాట వరుస అని ఉంటే 1997కు ముందు అచ్చయ్యే వీల్లేదు. కానీ ఇక్కడ ఒక మెలిక. 'మా భూమి' సినిమా 1980లో విడుదలైంది. అందులో గద్దర్ పాడిన బండి యాదగిరి పాట వరుసలో కట్టిన పాట కనబడితే అది 1980 తర్వాతిదే అనడానికి లేదు, ఎందుకంటే ఆ పాట సినిమా కన్నా ముందే జనంలో ఉంది. సినిమా పేరు చెప్పి వరుస ఇస్తే ఒక లెక్క, పాట పేరు మాత్రమే చెబితే ఇంకో లెక్క. విషయం కూడా అంతే. పాటలో కొమురయ్య పేరుంటే 1946 జులై తర్వాతిది, మానుకోట రాళ్ళ ప్రస్తావన ఉంటే 2010 మే 28 తర్వాతిది. తర్వాతిది అని మాత్రమే. ఆ సంవత్సరమే అని రాసేస్తే పాటకు లేని వయసు అంటగట్టినట్టు. లోపలి ఆధారంతో తేల్చిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టి, ఏ ఆధారంతో తేల్చారో వెనక రాయాలి.

కాగితం మీద వేలు పెట్టి చూడటం కూడా ఆధారమే. అక్షరం వెనక గుంట తగిలితే చేతి కంపోజింగ్, సీసం అక్షరాలు. నున్నగా ఉంటే ఆఫ్‌సెట్. సీసం అక్షరాల కాలంలో ప్రెస్సులో ఒత్తులు చాలకపోతే ఉన్నవాటితో సర్దేవాళ్ళు. 'పోయిండు' అని రాసిస్తే 'పోయాడు' అని దిద్ది కంపోజ్ చేసిన వాళ్ళూ ఉన్నారు. అందుకని ఒకే పాట రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంటే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుకోకుండా రెండింటినీ దాచాలి. ఏ మాట ఎక్కడ మారిందో చూస్తే భాష మీద ఎవరి పెత్తనం నడిచిందో తెలుస్తది.

1867 చట్టం మూడో సెక్షన్ ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా ప్రెస్సు పేరు, ఊరు ఉండాలి. చిన్న పుస్తకమైనా అట్ట వెనక కింద ఆ ఒక్క లైను సాధారణంగా ఉంటుంది. ఎన్నికల కరపత్రాలకు ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఏ సెక్షన్ అదే షరతు పెట్టింది. 2024 మార్చి 1న కొత్త పత్రికల చట్టం అమల్లోకి వచ్చి 1867 చట్టం రద్దయింది, కొత్త చట్టం పత్రికలకే పరిమితం. అంటే ఇకమీద వచ్చే పాటల పుస్తకాలకు ఆ లైను వేయాలన్న ఒత్తిడి తగ్గుతుంది. ఇప్పటివి ఇప్పుడే అడిగి రాసుకోవాలి.

కర్త పేరు దగ్గర గ్రంథాలయ నియమం మనకు కుదరదు. ఇంటిపేరుతో మొదలుపెట్టడం తెలుగు జాబితాల అలవాటు. మన కవులు అట్ట మీద ఇంటిపేరు వేయకపోవడం చాలా మామూలు. ఊరి పేరు వేస్తారు, డప్పు అని వేస్తారు, కామ్రేడ్ అని, బ్రదర్ అని వేస్తారు. బడి రిజిస్టర్లో ఉన్న పేరు వేరు, అట్ట మీది పేరు వేరు. అట్ట మీది పేరే ఆయన కవిగా ఎంచుకున్న పేరు. దాన్నే ముందు పెట్టాలి, మిగతావాటిని 'చూడండి' అని దానికి కలపాలి. అట్ట మీద పేరు లేకపోతే చివరి చరణం చూడాలి, తత్త్వాల్లో, భజనల్లో నామముద్ర అక్కడే ఉంటుంది. సంఘం పేరుతో వచ్చిన పుస్తకమైతే సంఘం పేరు రాసి ఊరుకోకుండా ఎవరు కట్టారని అడగాలి. నాట్లలో ఆడవాళ్ళు కట్టిన పాట మీటింగుకు ఎక్కి, మీటింగు నుంచి పుస్తకానికి ఎక్కి, అక్కడ మగవాళ్ళ పేరో సంఘం పేరో పడిన సందర్భాలు అడిగితేనే బయటికొస్తాయి. మేము కార్డులో 'కట్టినవారు', 'పాడినవారు', 'అచ్చు వేయించినవారు' అని మూడు గడులు పెట్టుకుంటున్నది ఇందుకే.

పుస్తకం పేరు కన్నా పాట పల్లవి ముఖ్యం. 'అంబేద్కర్ పాటలు' అన్న పేరుతో లెక్కలేనన్ని పుస్తకాలున్నాయి, ఆ పేరుతో ఏదీ దొరకదు. లోపలి ప్రతి పాటకూ పల్లవి మొదటి పంక్తి, వరుస వేరే సూచిలో ఎక్కించాలి. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో వీధుల్లో అమ్మిన ఒంటికాగితం పాటల మీద కూడా సంగీతం ఉండేది కాదు, ఫలానా వరుసలో పాడుకోండని ఉండేది. శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి దాచినవే సుమారు 1,800, కేంబ్రిడ్జిలో ఉన్నాయి. అక్కడ వరుసల సూచి తయారయ్యాకే ఏ పాటకు ఏ పాట చుట్టమో తేలింది. మద్రాసు గుజిలీ బజారు తమిళ పాటల పుస్తకాలదీ ఇదే జాతి. ఉత్తరాదిన మేళాల్లో అమ్మే దళిత చిన్న పుస్తకాలను బద్రీ నారాయణ్ వంటివాళ్ళు పోగుచేసి చూపించాకే వాటిని కూడా ఆధారాలని ఒప్పుకున్నారు.

విషయసూచికలో కులం మాట ఎట్లా రాయాలి? పాత పుస్తకాల మీద పంచమ, ఆది ఆంధ్ర, ఆది హిందూ, హరిజన అని ఉంటుంది. అవన్నీ ఒకటే అని 'దళిత' కింద కలిపేయడం తేలిక. కానీ భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ అన్నది ఒక వాదం, హరిజన అన్నది ఇంకొకరు పెట్టిన పేరు. పుస్తకం మాట పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, మన సౌకర్యం కోసం పెట్టుకున్న శీర్షిక పక్కన ఉండాలి. దండోరా పుస్తకాన్నీ మాల మహానాడు పుస్తకాన్నీ ఒకే కట్టలో కట్టి పైన 'దళిత ఉద్యమం' అని రాస్తే రెండింటి వాదమూ పోతుంది. కవి కులాన్ని మాత్రం పుస్తకం చెబితేనో, ఆ మనిషి స్వయంగా రాయమంటేనో రాయాలి. మనకు తెలుసు కదా అని రాయకూడదు. బతికున్న మనిషి కులాన్ని ఆయన నడగకుండా కాగితమెక్కించే పని ఎప్పట్నుంచో ఊరి రిజిస్టర్లు చేస్తూనే ఉన్నాయి.

భయం గురించి కూడా మాట్లాడుకోవాలి. ఈ మూడు జిల్లాల్లో పాటల పుస్తకం ఇంట్లో దొరకడం నేరమైన రోజులున్నాయి. 1992లో ప్రజా భద్రతా చట్టం కింద పీపుల్స్‌వార్‌ను నిషేధించారు. 2005 ఆగస్టులో మళ్ళీ నిషేధం ప్రకటించినప్పుడు ఆ జాబితాలో విరసం కూడా ఉంది. సోదాలకు భయపడి పొయ్యిలో పెట్టినవి, బావిలో పడేసినవి, గోడలో పెట్టి మట్టి మెత్తినవి ఎన్నో. 'ఇప్పుడెందుకు బిడ్డా అవి' అని పెద్దమనుషులు అంటే ఆ మాటను గౌరవించాలి. ఎవరింట్లో దొరికిందన్న గడి మా కార్డులో ఉంటుంది గానీ అది బయటికిచ్చే ప్రతిలో ఉండదు. ఇంటివాళ్ళు కాదంటే అసలు రాయం. పరిశోధకుడికి పట్టా వస్తది, ఇంటివాళ్ళకు పోలీసు వస్తే ఎవరు జవాబుదారి?

అసలు ప్రతిని తీసుకుపోవడం మీద కూడా మాకు పట్టుదల లేదు. రోజా ముత్తయ్య అనే ఒక్క మనిషి తమిళనాడు కొట్టైయూరులో పోగుచేసిన పుస్తకాలూ కరపత్రాలూ 1992లో ఆయన పోయాక చికాగో యూనివర్సిటీ కొనడం వల్ల మద్రాసులోనే నిలిచాయి. అట్లా ఒకచోట చేర్చడం మంచిదే. కానీ 2000 ఆగస్టు వరదలో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం నీళ్ళ పాలైన సంగతి మరిచిపోలేం. అన్నీ ఒకేచోట ఉంటే ఒకే వానకు పోతాయి. అసలు ఇంట్లో ఉండనిచ్చి, రెండు అట్టలూ, ఖాళీ పేజీలతో సహా రంగుల్లో స్కాన్ చేసి, కనీసం రెండు వేరు ఊళ్ళల్లో పెట్టడం నయం. హన్మకొండలో 1904 నుంచి రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. అట్లాంటి చోట ఒక ప్రతి ఉంటే మన పిల్లలు బస్సెక్కి పోయి చూసుకోగలరు.

ఖాళీ పేజీలతో సహా అన్నది ఊరికే అనలేదు. పుస్తకం చివరి పేజీలో చందాదార్ల పేర్లుంటాయి. పక్కన మొత్తం, అయిదు రూపాయలు, పది రూపాయలు. కొన్నిటిలో ఎరువుల దుకాణం, బట్టల దుకాణం, ఆర్‌ఎంపీ డాక్టరు ప్రకటనలు. ఆ పుస్తకానికి డబ్బు ఏ కులం వాళ్ళు, ఏ వృత్తి వాళ్ళు, ఏ ఊళ్ళ వాళ్ళు ఇచ్చారో ఈ పేజీ చూస్తే తెలుస్తది. పాటలు కాపీ చేసుకొని ఈ పేజీ వదిలేసినవాళ్ళను చూశాం. మాకైతే ఒక్కోసారి పాటల కన్నా ఈ పేజీయే ఎక్కువ చెప్పింది.

చేతిపని సంగతి రెండు మాటల్లో. పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయి, నెమ్మదిగా తీసి దారంతో కుట్టాలి. సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. నంబరు పెన్సిల్‌తో రాయాలి, బాల్‌పెన్నుతో కాదు. చెదలు పట్టినదాన్ని మంచివాటితో కలపొద్దు. పాత కాగితాల దుకాణాల వాళ్ళతో మాట్లాడి పెట్టుకుంటే కిలో లెక్కన పోయేవాటిలో నుంచి కొన్నయినా ఆగుతాయి. దసరా, క్రిస్మస్ ముందు ఇండ్లకు సున్నాలేసే రోజుల్లో ఊళ్ళు తిరగడం మంచిది, అటకలు దించేది అప్పుడే.

జాబితా పూర్తయిన ఊరికి దాని ప్రతి ఒకటి పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఇస్తున్నాం. కమ్యూనిటీ హాల్లోనో చర్చి వరండాలోనో పల్లవులు ఒక్కొక్కటే చదివి వినిపిస్తే, పుస్తకంలో లేని చరణం ఎవరో ఒకరు అందుకుంటారు. ఆ చరణాన్ని, పాడినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరును, ఆ రోజు తేదీని కార్డు వెనక రాయాలి. అందుకని కార్డు వెనక వైపు ఏమీ అచ్చు వేయించకుండా ఖాళీగా ఉంచండి.